గోడ మీద రాయని పేరు

అనగనగా, ఓడలకు గాలే దిక్కైన కాలంలో, తూర్పు సముద్రపు ఒడ్డున మొగలిపేట అనే రేవు ఉండేది. ఆ రేవులో పైడయ్య అనే మోకులు పేనేవాడు కాపురముండేవాడు. కొబ్బరి పీచు నానబెట్టి, దంచి, ఎండబెట్టి, పురిపెట్టి అతడు పేనిన మోకు ఏనుగు లాగినా తెగేది కాదు. అరచేతులు గరుకు, మాట మెత్తన. రేవులో అతన్ని నమ్మనివాళ్ళు లేరు.

ఆ రేవుకంతటికీ పెద్ద ఓడ నీలవేణి. దాని యజమాని వరహాల శెట్టి. ఏటా ఆ ఓడ నేత బట్టలు నింపుకుని తూర్పు దీవులకు పోయేది. కర్పూరం, లవంగాలు, తగరం నింపుకుని తిరిగి వచ్చేది. అంత ఓడను ఒక్కడి సొమ్ముతో నడపడం ఎంతటి శెట్టికైనా భారమే. అందుకని ఓడ సరుకును నూరు వాటాలు చేసి, వాటాకొక తాటాకు మీద ముద్ర వేసి అమ్మేవాడు. ఓడ తిరిగి వచ్చిన నాడు ఆకు ఎవరి చేతిలో ఉంటే లాభం వారిది. ఓడ సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ రేవు చావడిలో ఆ ఆకులు చేతులు మారుతూనే ఉండేవి. మంచి కబురు వస్తే ధర పెరిగేది. ఆకాశాన మబ్బు కమ్మితే తగ్గేది.

ఆ చావడికి ఒక సున్నపు గోడ ఉంది. ఆ గోడకొక కట్టుబాటు ఉంది. ఓడ గుట్టు తెలిసినవాళ్ళు, అంటే శెట్టి, శెట్టి ఇంటివాళ్ళు, ఓడ నడిపే సరంగు కుటుంబం, ఆకులు కొన్నా అమ్మినా ఆ పొద్దు గుంకేలోగా గోడ మీద బొగ్గుతో పేరు రాయాలి. కొన్నదీ అమ్మినదీ దాచకూడదు. ఓడ తిరిగి వచ్చాక గోడకు మళ్ళీ సున్నం కొట్టేవారు. లోపలివాడు ఏం చేస్తున్నాడో బయటివాడికి కనబడాలని పూర్వపు పెద్దలు పెట్టిన నియమం అది.

పైడయ్య పదేళ్ళు మోకులు పేని కూడబెట్టిన సొమ్ముతో మూడు ఆకులు కొన్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆ గోడ చూడనిదే పీచు ముట్టుకునేవాడు కాదు.

ఒకనాడు గోడ మీద శెట్టి అక్కగారి పేరు కనబడింది. ఆవిడ పది ఆకులు అమ్మింది. పైడయ్య గుండె జారింది. "సొంత అక్కే అమ్ముకుందంటే ఓడకు ఏదో అయింది" అనుకున్నాడు. పరుగున పోయి తన మూడు ఆకులూ వచ్చిన ధరకు అమ్మేశాడు. నెల తిరగకుండా నీలవేణి నిండు గర్భిణిలా రేవుకు చేరింది. ఆకు పట్టుకున్నవాళ్ళకు పెట్టినదానికి రెట్టింపు వచ్చింది. పైడయ్య తలపట్టుకుని చావడి మెట్ల మీద కూలబడ్డాడు.

ఆ దారిన గౌరమ్మ వస్తోంది. ఆమె ఓడ సరంగు భార్య. నడివయసు మనిషి, నిదానస్థురాలు. సంగతి విని అతని పక్కనే కూర్చుంది.

"పైడయ్యా, శెట్టి అక్కగారు కాశీయాత్రకు పోతోంది. దారిఖర్చుకు అమ్ముకుంది. అడిగితే ఎవరైనా చెప్పేవారు కదా" అంది.

"గోడ మీద పేరు చూడగానే కాళ్ళు ఆగలేదమ్మా."

"అమ్మేవాళ్ళకు వంద అవసరాలుంటాయి నాయనా. నుయ్యి తవ్వించాలి, పెళ్ళి చెయ్యాలి, వైద్యం చేయించాలి. ఒకరు అమ్మితే భయపడకు. కానీ లోపలివాడు తన సొంత సొమ్ము పోసి కొంటున్నాడంటే దానికి ఒకటే కారణం. ఓడ లాభంతో వస్తుందని అతను గట్టిగా నమ్ముతున్నాడన్నమాట. వాళ్ళ మాట వినడం కన్నా వాళ్ళ చేతులు చూడు."

ఆ మాట పైడయ్య మనసులో పడింది.

మరుసటి ఏడు ఓడ రావలసిన నెల దాటింది. రెండో నెలా దాటింది. ఓడ మునిగిపోయిందని ఒకడంటే, దొంగలు దోచుకున్నారని మరొకడన్నాడు. చావడిలో అందరూ ఆకులు వదిలించుకునేవాళ్ళే. పైడయ్య మాత్రం గోడ దగ్గరికి పోయి చూశాడు. శెట్టి పేరుంది. కొన్నాడు. గౌరమ్మ పేరుంది. కొన్నది. అడిగితే గౌరమ్మ, "ఈ ఏడు గాలి తిరగడం ఆలస్యమైంది. మా ఆయన ముప్పై ఏళ్ళుగా చూస్తున్న సముద్రమే కదా. ఈ మాట నిన్న చావడిలో అందరి ముందూ చెప్పాను, ఎవరూ చెవిన పెట్టలేదు" అంది. పైడయ్య ఇంట్లో ఉన్న సొమ్మంతా తెచ్చి ఆరు ఆకులు కొన్నాడు. ఓడ వచ్చింది. పైడయ్య పెంకుటింటివాడయ్యాడు.

పైడయ్య ఇంటికి నాలుగడుగుల దూరంలో, ఇసుకలో ఒక గుడిసె ఉండేది. అందులో తవిటమ్మ అనే ఆమె ఒంటరిగా ఉండేది. మగడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. రేవు కూలీలకు చోడి అంబలి, ఉప్పుచేప అమ్ముకుని బతికేది. తుఫాను వచ్చినప్పుడల్లా అల ఆమె గుడిసెను ఎత్తుకుపోయేది. ఆమె మళ్ళీ కట్టుకునేది. మూడుసార్లు అలా జరిగాక, మెట్ట మీద అల అందనిచోట ఒక చిన్న జాగా కొనుక్కోవాలని పట్టుబట్టి కూడబెట్టసాగింది.

"అన్నా, ఈ అంబలి డబ్బులతో ఆ జాగా కొనేసరికి నేను ముసలిదాన్నవుతాను. నువ్వు ఆకుల్లో గెలిచావు కదా. ఆ విద్య నాకూ చెప్పు" అని పైడయ్యను అడిగింది.

పైడయ్య సంతోషంగా చెప్పాడు. గోడ చూడమన్నాడు. ఒకరు అమ్మితే బెదరవద్దని, పలువురు లోపలివాళ్ళు కొంటే గమనించమని, గౌరమ్మ చెప్పినదంతా అప్పజెప్పాడు. తవిటమ్మ ఆ మాటలను చెంగున ముడివేసుకున్నట్టు దాచుకుంది. ఏటా ఒకటో రెండో ఆకులు కొంటూ, నిలకడగా, తొందర లేకుండా సొమ్ము పెంచుకుంది. మెట్ట మీద జాగా ఆసామికి మాటిచ్చింది. ఆ ఏడు ఓడ వచ్చాక కొనడమే తరువాయి.

అప్పుడే జరగకూడనిది జరిగింది.

పైడయ్య ఒకరోజు మధ్యాహ్నం కొత్త లంగరు మోకు ఇవ్వడానికి శెట్టి ఇంటికి పోయాడు. పెరటి వసారాలో మోకు చుట్ట చుడుతున్నాడు. అంతలో ఒళ్ళంతా దుమ్ముకొట్టుకుపోయిన మనిషి ఒకడు ముంగిట్లోకి వచ్చి శెట్టి ముందు కూలబడ్డాడు.

"అయ్యా, నీలవేణి రాతిగుట్టకు తగిలి మునిగింది. మనుషులందరం పడవల్లో బయటపడ్డాం. సరుకులో లవంగం గింజ కూడా మిగల్లేదు" అన్నాడు.

శెట్టి లేచి వీధి తలుపు గడియ వేశాడు. తరువాత ఆ కబురు తెచ్చినవాడిని గిడ్డంగిలో ఉంచి, భోజనం పెట్టి, మూడు రోజుల వరకూ బయటికి రానివ్వవద్దని నౌకర్లకు చెప్పాడు. వెనుదిరిగితే వసారాలో పైడయ్య.

"వచ్చి ఎంతసేపైంది?"

పైడయ్య మోకు చుట్ట కింద పెట్టాడు.

"నీ దగ్గర ఎన్ని ఆకులున్నాయి పైడయ్యా?"

"ఎనిమిది, శెట్టిగారూ."

శెట్టి దగ్గరికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. అంత గొప్పవాడు అంతకు ముందెన్నడూ అతన్ని తాకలేదు. "మూడు రోజులు నోరు మెదపకు. ఈలోగా నీవి నువ్వు చూసుకో. నాకు నువ్వు కనబడలేదు. నీకు నేను కనబడలేదు" అన్నాడు.

పైడయ్య ఇంటికి పోయాడు. అన్నం సయించలేదు. "ఓడ నేను ముంచలేదు కదా. కబురు నేను వెతుక్కుంటూ పోలేదు, అదే నా చెవిన పడింది. పైగా నేను ఓడ మనిషినీ కాను, గోడ మీద పేరు రాయవలసిన పనీ లేదు" అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్న కొద్దీ అది న్యాయంగానే కనబడింది.

శెట్టి మాత్రం ఊరుకోలేదు. పొరుగూరి వర్తకులిద్దరిని పిలిపించి, వాళ్ళ పేరు మీద తన ఆకులన్నీ అమ్మించడం మొదలుపెట్టాడు. గోడ మీద అమ్మినట్టు ఒక్క పేరూ పడలేదు. చావడికి వచ్చి తాంబూలం నములుతూ, "ఈ ఏడు సరుకు పట్టడానికి గిడ్డంగి చాలదేమో" అని అందరూ వినేలా అనేవాడు. జనం ఆ మాట విన్నారు. అమ్మకం కనబడని గోడ చూశారు. ఎగబడి కొన్నారు.

మూడో రోజున పైడయ్య ఎనిమిది ఆకులూ మొలలో పెట్టుకుని చావడికి పోయాడు. ఎవరో ముఖం తెలియనివాడికి అమ్మేసి వచ్చేద్దామనుకున్నాడు. గుమ్మంలోనే తవిటమ్మ ఎదురైంది. చేతిలో, జాగాకని కూడబెట్టిన సొమ్ము నింపిన గుడ్డసంచి ఉంది.

"ఏమన్నా, అమ్ముతున్నావా? బయటివాడికెందుకు, నాకే ఇచ్చెయ్యి" అంది. "గోడ చూశాను. శెట్టి మనుషులు ఒక్కరూ అమ్మలేదు కదా?"

"గోడ మీద అమ్మినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు" అన్నాడు పైడయ్య.

"మరి నువ్వెందుకు అమ్ముకుంటున్నావు?"

"ఇంటి వెనకవైపు దూలాలు పుచ్చిపోయాయి. మార్పించాలి."

తవిటమ్మ నవ్వింది. "అమ్మేవాళ్ళకు వంద అవసరాలని నువ్వే చెప్పావు కదా. అయినా నీ నోట ఒక్కమాట విని ఇస్తాను. ఓడ వస్తుంది కదన్నా?"

పైడయ్య సముద్రం వైపు చూశాడు. ఆ క్షణాన ఇంటికి తిరిగి పోవచ్చు. ఆకులు మొలలోనే ఉన్నాయి. నోరు తెరిచి నిజం చెప్పనూ వచ్చు. కాని శెట్టి చెయ్యి వేసిన భుజం ఇంకా బరువుగా ఉన్నట్టే ఉంది. పదేళ్ళ పీచు, పదేళ్ళ పురి, పెంకుటిల్లు, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి.

"గాలి బాగానే ఉంది తల్లీ" అన్నాడు.

తవిటమ్మ సంచి అతని చేతిలో పెట్టి ఎనిమిది ఆకులూ తీసుకుంది. కళ్ళకద్దుకుని చెంగున ముడివేసుకుంది.

ఆ ముడి బిగియకముందే గౌరమ్మ చావడిలోకి వచ్చింది. కబురు తెచ్చినవాడు ఎలాగో గిడ్డంగి కిటికీలోంచి దూకి, సరంగు బతికే ఉన్నాడని ఆమెకు చెప్పిపోయాడు. ఆమె చేతిలో ఆకుల కట్ట ఉంది. చావడి నడిమధ్యన నిలబడింది.

"నీలవేణి మునిగిపోయింది" అంది. "మనుషులు బతికారు. సరుకు పోయింది. శెట్టికి ఈ సంగతి తెలిసి మూడు రోజులైంది. నాకు ఇప్పుడే తెలిసింది. ఆకులు ఎవరూ కొనకండి."

 ఎవరో ఒక వర్తకుడు ఆమె చేతిలోని కట్ట చూసి, "నీవి ఇరవై ఆకులున్నాయే. ముందు వాటిని అమ్ముకుని ఆ తరువాత ఈ మాట చెప్పకపోయావా అమ్మా" అన్నాడు.

"ఎవరికి అమ్మను? నీకా?" అంది గౌరమ్మ. 

తవిటమ్మ పైడయ్య వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. ఇంకా ఆశ ఉంది. "నీకు తెలియదు కదన్నా?" అని అడిగింది.

"తెలియదు" అన్నాడు పైడయ్య.

ఆమె నమ్మింది. "పోనీలే, నువ్వైనా గట్టెక్కావు" అని మెల్లగా అనుకుంటూ మెట్లు దిగిపోయింది. అంతకన్నా ఆమె పదిమందిలో నిలబెట్టి తిట్టినా పైడయ్యకు తేలికగా ఉండేది.

ఇంటికి పోయి ఆ సంచి విప్పలేదు. అటక మీద పెట్టాడు. రేపు పోయి ఇచ్చేద్దామనుకున్నాడు. రేపు వచ్చింది. ఇస్తే నిజం చెప్పాలి, చెబితే రేవులో తల ఎత్తుకోలేడు. ఇంకో రేపు అనుకున్నాడు. అలా రోజులు పోయాయి. జాగా ఆసామి కొన్నాళ్ళు ఎదురుచూసి, మెట్ట మీద స్థలం వేరొకరికి ఇచ్చేశాడు. ఆ కబురు తవిటమ్మే పైడయ్యకు చెప్పింది, అతనికి అంబలి పోస్తూ. అతను ఆ అంబలి తాగాడు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. పట్టపగలే ఆకాశం నల్లబడింది. అల ఇసుకనంతా ఊడ్చుకుని వచ్చి తవిటమ్మ గుడిసెను, పొయ్యిని, కుండలను, అంబలి కాచే పెద్ద ఇత్తడి గుండిగను తీసుకుపోయింది. పైడయ్యే నడుముకు మోకు కట్టుకుని నీళ్ళలోకి దూకి ఆమెను ఒడ్డుకు లాగాడు. రేవంతా అతన్ని మెచ్చుకుంది. తవిటమ్మ చావడిలో వణుకుతూ కూర్చుని, "అన్నా, నీ రుణం తీర్చుకోలేను" అంది.

ఆ మాటకు పైడయ్య ఓర్చుకోలేకపోయాడు. బయటికి పోయి వానలో నిలబడి ఏడ్చాడు.

తుఫాను వెలిసిన వారానికి ఆ సీమను ఏలే రాజు రేవు చూడటానికి వచ్చాడు. ఓడ సంగతి అప్పటికే అతని చెవిన పడింది. చావడిలో కొలువుతీరి శెట్టిని పిలిపించాడు.

"ప్రభూ, నేను ఒక్క ఆకూ అమ్మలేదు. గోడ చూడండి. నా పేరు లేదు" అన్నాడు శెట్టి చేతులు కట్టుకుని.

రాజు గోడ చూశాడు. పేరు లేదు. పొరుగూరి వర్తకులు ఎప్పుడో జారుకున్నారు. కబురు తెచ్చినవాడు దేశాంతరం పోయాడు. శెట్టి నౌకర్లు తమకేమీ తెలియదన్నారు. గౌరమ్మ తనకు తెలిసింది చెప్పింది గాని, అది ఆమె కంటితో చూసింది కాదు. "సాక్ష్యం చెప్పేవారు ఎవరైనా ఉన్నారా?" అని రాజు మూడుసార్లు అడిగాడు.

మొదటిసారి పైడయ్య నేల చూశాడు. రెండోసారి తవిటమ్మను చూశాడు. ఎవరో ఇచ్చిన చినుగుల దుప్పటి కప్పుకుని ఆమె స్తంభం వెనక దగ్గుతోంది. మూడోసారి లేచి నిలబడ్డాడు.

"నేనున్నాను మహారాజా" అన్నాడు. వసారాలో విన్నది చెప్పాడు. శెట్టి భుజం మీద చెయ్యి వేసింది చెప్పాడు. తాను ఎవరికి అమ్మాడో, ఏం చెప్పి అమ్మాడో కూడా దాచలేదు. చెబుతున్నంతసేపూ తవిటమ్మ వైపు చూడలేకపోయాడు.

శెట్టి మోసం రుజువైంది. ఆ మూడు రోజుల్లో ఆకులు కొన్నవారందరికీ అతని ఆస్తి అమ్మి సొమ్ము తిరిగి ఇమ్మని రాజు ఆజ్ఞాపించాడు. తరువాత పైడయ్యను దగ్గరికి రమ్మన్నాడు.

"నీ పేరు గోడ మీద ఎందుకు రాయలేదు?"

"నేను ఓడ మనిషిని కాను గదా ప్రభూ."

"గుట్టు చెవిన పడిన క్షణాన నువ్వూ ఓడ మనిషివే అయ్యావు. పది మందికీ తెలియని కబురు మొలలో పెట్టుకుని బేరానికి కూర్చున్నావు. నిజం చెప్పావు కనుక చెరసాల తప్పిస్తున్నాను. ఆలస్యంగా చెప్పావు కనుక పూర్తిగా విడిచిపెట్టను. ఆమె సొమ్ము ఆమెకివ్వు. ఇక నీ జన్మలో ఈ చావడిలో ఆకు ముట్టకు."

ఆ గోడకు కావలిగా రాజు గౌరమ్మను నియమించాడు. ఇరవై ఆకులు పోగొట్టుకున్న మనిషి ఆమె. కాని తరువాత ఆ రేవులో కొత్త ఓడ కట్టిన ప్రతివాడూ మొదటి ఆకు ఆమెకు ఊరికే ఇవ్వబోయి, ఆమె పేరు గోడ మీద రాయమని బతిమాలేవాడు. ఆమె ఊరికే తీసుకునేది కాదు. నచ్చితే సొంత సొమ్ముతో కొనేది, లేదంటే లేదు. చిన్నవాళ్ళు వచ్చి అడిగితే, "గోడ మీద ఉన్నది చదవండి. ఎవరు, ఎంతమంది, ఎందుకు అని కనుక్కోండి. రాయనిది కూడా ఉండవచ్చని మరవకండి. పోతే పొయ్యి ఆరిపోయేంత సొమ్ము ఒక్క ఓడలో పెట్టకండి" అని చెప్పేది.

పైడయ్య అటక మీది సంచి దించి తవిటమ్మ దగ్గరికి పోయాడు. అప్పటికి ఆమె మెట్టకు ఆవలి పక్కన, ఊరికి దూరంగా, దొరికిన చోట గుడిసె వేసుకుంటోంది. సంచి అందుకుంది. అది తను కట్టిన ముడే. విప్పి చూడకుండా లోపల పెట్టింది.

"తప్పయిందమ్మా" అన్నాడు పైడయ్య.

తవిటమ్మ వెదురు కర్ర పాతుతూనే ఉంది.

"తుఫానుకు కప్పు ఎగరకుండా నాలుగు వైపులా మోకులు కట్టాలి. నేను తెస్తాను. ఈసారి అలకు అందదు, గాలికీ లేవదు."

"తీసుకురా" అంది ఆమె. "ధర ఎంతో ముందు చెప్పు. నలుగురినీ అడగకుండా కొనే అలవాటు మానుకున్నాను."

పైడయ్య ధర చెప్పాడు. సగానికి సగం తగ్గించి చెప్పాడు. ఆమె మరో ఇద్దరు మోకులవాళ్ళను అడిగి, అసలు ధర కనుక్కుని, అంతా తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆమె ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. ఎదురుపడితే పలకరించేది. అంబలి పోసేది. కాని ఏ సంగతిలోనూ మళ్ళీ అతని మాట అడగలేదు, అన్నా అని పిలవనూ లేదు.

కనుక పిల్లలూ, పెద్దలూ, ఎదుటివాడికి తెలియని కబురు దాచుకుని అతనికి అమ్మినది బేరం కాదు, దొంగతనం. ఆ సొమ్మునైతే తిరిగి ఇవ్వగలం గాని, పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోలేం.